కూచిపూడి ప్రదర్శన ఫోటోల్లో చేతులు సాగిపోతున్నాయి, ముఖం తెల్లబారుతోంది

ప్రశ్న:
కెమెరా నికాన్ డి3500. దాంతో వచ్చిన 18-55 లెన్స్ ఒక్కటే ఉంది. ఆడిటోరియంలో ఆరో వరస నుంచి కూచిపూడి తీస్తే చేతులు సాగిపోయి పడ్డాయి, ముఖమేమో సున్నం కొట్టినట్టు వచ్చింది. ఆటో మోడ్, ఫ్లాష్ ఆపేశాను. ఫోటో వివరాల్లో షట్టర్ 1/40 సెకను, ఎపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే కంత) ఎఫ్/5.6, ఐఎస్‌ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) 3200 అని ఉంది. వచ్చే వారం ఇంకో ప్రదర్శన ఉంది. లెన్స్ కొనాలా?

జవాబు 1:
ఇప్పుడే కొనకండి. రెండు తప్పులకీ మూలం ఒకటే. వెనక నల్ల తెర ఉంటే కెమెరా ఫ్రేమంతా కలిపి కొలిచి, వెలుగు చాలలేదనుకుని షట్టర్‌ని ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. ముఖం మాడిందీ, చెయ్యి సాగిందీ అందుకే.

డయల్ ఎం (మాన్యువల్) మీద పెట్టండి. ఎపర్చర్ ఎఫ్/5.6 (షట్టర్ బటన్ పక్కనున్న ప్లస్ మైనస్ బటన్ నొక్కి పట్టుకుని చక్రం తిప్పాలి). ఐఎస్‌ఓ 3200 అలాగే ఉంచి షట్టర్ 1/100 చేస్తే ముఖం దారిలో పడుతుంది. తర్వాత ఐఎస్‌ఓ 6400, షట్టర్ 1/200. వెలుగు అంతే, వేగం రెట్టింపు. ఒక ఫోటో తీసి, మాడిన చోట్లు మినుకుమనే హైలైట్స్ డిస్‌ప్లేలో ముఖం మీద ఏదైనా మినుకుమంటోందేమో చూడండి. మినుకుమంటే షట్టర్ వేగం ఇంకో మెట్టు పెంచండి. నగల మీద చుక్కలు మినుకుమన్నా పర్వాలేదు.

ఫోకస్ ఏఎఫ్-సీ (కదిలేవాళ్ళని వెంబడించే పద్ధతి), మధ్య పాయింట్ ఒక్కటే. ఈ కెమెరాలో ఉన్న 11 పాయింట్లలో చీకట్లో నమ్మదగ్గది అదే. స్క్రీన్‌లో కాకుండా వ్యూఫైండర్‌లో చూసి తీయండి, లైవ్ వ్యూలో ఫోకస్ బాగా నెమ్మది. వీఆర్ ఉంది కదా అని ధీమా పడొద్దు. అది మీ చేతి వణుకునే ఆపుతుంది, స్టేజి మీద కదిలే చేతిని కాదు.

అభినయానికి 1/125 చాలు. జతుల్లో (వేగంగా అడుగులు వేసే భాగాల్లో) అడుగులు ఆగాలంటే 1/400 దాకా కావాలి, ఈ లెన్స్‌తో అంత వెలుగు దొరకదు. అందుకని తీర్మానం (జతి చివరి వరస) ముగిసే చోట నొక్కండి. అక్కడ నర్తకి భంగిమలో ఒక క్షణం నిలబడుతుంది.

ప్రశ్న వేసినవారు:
థ్యాంక్సండి. 6400 అంటే గ్రెయిన్ (ఇసక చల్లినట్టు చుక్కలు) రాదా? పాత 50 ఎంఎం 1.8డి లెన్స్ ఒకటి చవగ్గా వస్తోంది, తీసుకోమంటారా?

జవాబు 2:
గ్రెయిన్ వస్తుంది. రా (కెమెరా మార్పులు చెయ్యని ఫైల్) ఫార్మాట్‌లో తీస్తే తర్వాత చాలావరకు తగ్గించుకోవచ్చు, రంగు లైట్ల వల్ల చెడిన వైట్ బ్యాలెన్స్ కూడా సరిచేసుకోవచ్చు. సాగిపోయిన చేతిని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు.

ఆ ‘డి’ లెన్స్ వద్దు. దానికి సొంత మోటార్ ఉండదు, డి3500 బాడీలోనూ లేదు. ఆటోఫోకస్ పనిచెయ్యదు, చేత్తో రింగ్ తిప్పుకోవాలి. నాట్యానికి అది కుదిరే పని కాదు. కొంటే ఏఎఫ్-ఎస్ 50 ఎంఎం 1.8జీ చూడండి. ఎఫ్/2.2 దగ్గర పెడితే (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ) అదే 1/200కి ఐఎస్‌ఓ 1000 చాలు. ఎనిమిది మీటర్ల దూరంలో కెమెరా నిలువుగా పడితే ఫ్రేమ్‌లోకి మూడున్నర మీటర్ల పైన ఎత్తు వస్తుంది, చేతులు పైకెత్తినా తెగవు.

సెకండ్ హ్యాండ్ అయితే రెండు మూతలూ తీసి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి, ఒక వైపు నుంచి ఫోన్ టార్చ్ వేసి రెండో వైపు నుంచి ఏటవాలుగా చూడండి. లోపల సాలెగూడు పోగుల్లా కనిపిస్తే ఫంగస్. ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోవద్దు. నాలుగైదు ధూళి రేణువులుంటే ఫర్వాలేదు.

జవాబు 3:
ఒకటి మిగిలింది. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి ట్యూబ్‌లైట్లు, నాసిరకం ఎల్‌ఈడీలు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. 1/200లో ఒక ఫోటో వెలుగ్గా, మరొకటి మందంగా రావచ్చు, అడ్డంగా చారలు కూడా పడొచ్చు. అప్పుడు అభినయం వరకు 1/100కి దిగి ఐఎస్‌ఓ తగ్గించుకోండి. జతుల్లో వేగం తగ్గించలేరు కాబట్టి మూడు నాలుగు ఫోటోలు వరసగా తీసి మంచిది ఉంచుకోవడమే. కొన్ని రంగు ఎల్‌ఈడీలు ఇంకా వేగంగా మినుకుతాయి, వాటికి ఈ లెక్క పనిచెయ్యదు. ప్రదర్శనకు ముందు లైట్లు సరిచూసేటప్పుడే వెళ్ళి, ఖాళీ స్టేజిని 1/100, 1/200, 1/400 మూడింటిలోనూ తీసి చూసుకోండి. బీప్ శబ్దం కూడా అప్పుడే ఆపేయండి.