కార్తీకమాసంలో నేలపట్టు పక్షుల అభయారణ్యానికి గ్రూపుగా వెళ్తే పక్షులు కనిపిస్తాయా?

నెల్లూరు నుంచి పిల్లలతో కలిసి ఓ పదిమందిమి వెళ్దామనుకుంటున్నాం. అప్పటికి గూడబాతులు (పెలికాన్లు) వచ్చేస్తాయా?

— అది వానల్ని బట్టి అన్నా. చెరువు నిండితే అక్టోబరు నుంచే దిగుతాయి, నీళ్లలో నిలబడ్డ కడప అనే రకం చెట్ల మీద గూళ్లు కడతాయి. తెల్లారేసరికి అక్కడుండండి. బైనాక్యులర్స్‌లో చూస్తే పైముక్కు అంచున వరసగా నల్లమచ్చలు కనిపిస్తాయి, పిల్లలకి అవి తప్పకుండా చూపించండి.

— అందరూ చెరువు దగ్గరికే పరిగెడతారు, పక్కనున్న అడవిలోనూ మెల్లగా నడవండి, వడ్రంగిపిట్ట టకటక వినబడితే ఆగండి.

— దయచేసి కేకలు వద్దండీ. తల్లి బెదిరి లేచిందంటే కాకులు గుడ్లెత్తుకుపోతాయి.

— థాంక్స్ అన్నా, పిల్లలకి ముందే చెప్తాను.