సమస్య: ‘కొమ్ము లున్న మాట గ్రుచ్చకుండె’

నిర్వాహకులు: ఆటవెలదిలో నాలుగో పాదం ఇది; మిగతా మూడు పాదాలూ మీరు పూరించాలి. ఐదూ సూర్యగణాలు, కొ–గ్రు యతి. ‘మాట’, ‘గ్రుచ్చ’ విడివిడి తెలుగు పదాలు కనుక, తర్వాత సంయుక్తాక్షరం ఉన్నా ‘ట’ లఘువే. విషయం ‘డైలమా’, అంటే రెండు పక్షాల్లో ఏది ఒప్పుకున్నా చిక్కే అయ్యే వాదం. గ్రీకులో ‘డి’ అంటే రెండు. ‘లెమ్మా’ అంటే వాదానికి ముందుగా స్వీకరించిన వాక్యం. 16వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి తర్కపరిభాషగా వచ్చింది. ఏ పక్షం ఒప్పుకున్నా పోటు తప్పదు గనుక ఆ పక్షాలు కొమ్ములయ్యాయి. మన ‘ఉభయతఃపాశరజ్జువు’ (రెండు కొసలా ఉచ్చులున్న తాడు) దీనికి దగ్గరి చుట్టం. ఒట్టి కష్టాన్ని వర్ణిస్తే చాలదు, రెండు పక్షాలూ కనబడాలి.

మైత్రేయి:
రెండు దారు లున్న రెంటను ముప్పున్న
మూడవదియు గలదు ముందు జూడ
నడుమ బోవువాడు నష్టమొందడు గాన
కొమ్ము లున్న మాట గ్రుచ్చకుండె

నిర్వాహకులు: ధార హాయిగా ఉందమ్మా. అయితే నడుమ నుంచి తప్పుకోవడం పక్షాలు రెండే కానప్పుడే కుదురుతుంది. ‘వాన కురుస్తుంది, లేదా కురవదు’ అన్నచోట మూడోది లేదు. అక్కడ ఒక కొమ్మును పట్టి విరవాలి: ‘ఇలా అయితే అలా నష్టం’ అన్న లంకెల్లో ఒకటి చెల్లదని చూపాలి.

పద్యమిత్ర:
గ్రీకు భాష లోన గెలుపుకై వాదించ
రెండు ప్రతిన లిడిరి రెంట జిక్క
తిరుగు వాద మొడ్డ దీటుగా ప్రతివాది
కొమ్ము లున్న మాట గ్రుచ్చకుండె

నిర్వాహకులు: ఈ పూరణ నాకెంతో నచ్చింది. వాదవిద్య నేర్పిన గ్రీకు గురువు ప్రొటాగొరస్, ఆయన శిష్యుడు యువాథ్లస్‌ల వ్యాజ్యం గుర్తొచ్చింది. మొదటి వ్యాజ్యం గెలిచాకే మిగిలిన రుసుము ఇస్తానన్నది శిష్యుడి ఒప్పందం. గురువు దావా వేసి, ‘నేను గెలిస్తే తీర్పు ప్రకారం ఇస్తావు, నువ్వు గెలిస్తే ఒప్పందం ప్రకారం ఇస్తావు’ అన్నాడు. శిష్యుడు అవే కొమ్ములు తిప్పాడు: ‘గెలిస్తే తీర్పు ప్రకారం ఇవ్వను, ఓడితే ఒప్పందం ప్రకారం ఇవ్వను.’ రెండో పాదంలో ‘ప్రతిన’ మాత్రం శపథమనే అర్థమిస్తుంది, లెమ్మా కాదు. ‘రెండు వాక్యము లిడి రెంట జిక్క’ అంటే గణాలూ యతీ చెదరవు.

శ్రీవాణి:
గురువు నందు గలవు కొమ్ములు మూడైన
సందు చూపు గాని సంకటమున
పొడువ దెన్న డైన బుద్ధిగా వినువారి
కొమ్ము లున్న మాట గ్రుచ్చకుండె

పద్యమిత్ర: గు, రు, వు... మూడింటికీ కొమ్ములే! శ్లేష అమోఘం. కానీ ‘సంకటము’ ఏ కష్టానికైనా చెల్లుతుంది. రెండు పక్షాల ఊసు లేదు కదండీ?

నిర్వాహకులు: నిజమే. శ్రీవాణి గారూ, రెండో పాదం ‘సందు చూపు రెండు సంకటముల’ అని మార్చి చూడండి.