స్ప్రేగ్ క్లెగ్‌హార్న్‌కి హాల్ ఆఫ్ ఫేమ్ ఇవ్వొచ్చా?

రింక్‌పిచ్చి: ఐస్ హాకీ తొలితరం ప్రొఫెషనల్ డిఫెన్స్ ఆటగాడు క్లెగ్‌హార్న్‌ను 1958లో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. ఐస్ హాకీలో అతిపెద్ద ట్రోఫీ అయిన స్టాన్లీ కప్ మూడుసార్లు గెలిచాడు, కాదనను. కానీ 1922 ఫిబ్రవరి 1న మాంట్రియల్ జట్టుకు ఆడుతూ ఒకే మ్యాచ్‌లో తన పాత జట్టు ఒటావా వాళ్లను ముగ్గుర్ని గాయపరిచాడు: జెరార్డ్, నైబర్, డెనెనీ. అరెస్టు చేస్తామని ఒటావా పోలీసులే ముందుకొచ్చారు. ఇలాంటివాడికి గౌరవమా?

పాతపేపర్లు: అంతకు కొద్దిరోజుల ముందు సంగతి చెప్పరేమండీ? జనవరిలో హామిల్టన్ జట్టు మీద ఇతనూ, తమ్ముడు ఓడీ చెరో 4 గోల్స్ కొట్టారు. ఆ సీజన్ మొత్తమ్మీద ఇతనివి 17 గోల్స్, అదీ డిఫెన్స్‌లో ఉండి! ముందుకు పాస్ ఇవ్వడానికి చాలా ఆంక్షలున్న రోజులవి. వెనకనుంచి పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) తీసుకుని తనే దూసుకెళ్లాలి. కొట్లాటలంటారా, అప్పట్లో అందరూ అంతే.

నల్లకోటు: అందరూ అంతే అయితే కోర్టు దాకా ఎందుకెళ్లింది? 1912లో టొరంటోలో అది లీగ్ మ్యాచ్ కూడా కాదు, ఉత్త ప్రదర్శన మ్యాచ్. ప్రత్యర్థి ఆటగాడు లలోండ్ ఓడీని గుద్దాడని, క్లెగ్‌హార్న్ హాకీ కర్రతో లలోండ్ తల మీద కొట్టాడు. 50 డాలర్ల జరిమానా పడింది. 1923 ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివరి నాకౌట్ పోరులో) ఒటావా ఆటగాడు హిచ్‌మన్‌ను కొట్టినప్పుడైతే లీగ్ చర్య తీసుకునేదాకా కూడా ఆగకుండా సొంత మేనేజర్ లియో డాండురాండే సస్పెండ్ చేశాడు. ఆ కాలం వాళ్లకే మితిమీరింది అనిపించిందన్నమాట.

పాతపేపర్లు: ఆ డాండురాండే అతణ్ని మళ్లీ కెప్టెన్‌గా ఆడించి 1924లో కప్ తెచ్చుకున్నాడు కదా!

రింక్‌పిచ్చి: అది మేనేజర్ అవసరం బ్రదర్, ఆటగాడి మంచితనం కాదు. పైగా 1923లో ఒటావాతో ఆ రెండు మ్యాచ్‌ల పోరులో, అతను లేకుండానే రెండో మ్యాచ్ మాంట్రియల్ 2-1తో గెలిచింది. రెండు మ్యాచ్‌ల మొత్తం గోల్స్ లెక్కలో 3-2తో ఒటావాకి పోయింది గానీ.

నల్లకోటు: నేను తీసేయమనట్లేదు. ఆట చూసి ఇచ్చారు, ఉండనివ్వండి. హాల్ ఆఫ్ ఫేమ్‌లో అతని పరిచయంలో కప్‌ల పక్కనే ఆ కోర్టు కేసు, ఆ సస్పెన్షన్ కూడా రాయమంటున్నా.

పాతపేపర్లు: రాయండి, నాకేం అభ్యంతరం లేదు. డాండురాండ్‌ను కూడా 1963లో అక్కడే చేర్చారు. ఆయన పేజీలోనూ రాస్తారా మరి?