పాండవుల గుట్టల వైపు మట్టిబాటలు: గాలి ఎంత, గేర్లు ఏవి, ఏం విరుగుతది? (సైకిల్ ఫోరంల ముచ్చట, ప్రతి పోస్టు పైన రాసినోళ్ళ పేరు)

రేగొండ లూప్
డిసెంబర్‌లో రేగొండ నుంచి పాండవుల గుట్టల చుట్టూ పల్లెబాటల మీద 60 కిలోమీటర్ల సైకిల్ లూప్ ప్లాన్. ముప్పావు వంతు మట్టే. హార్డ్‌టెయిల్ (ముందు మాత్రమే సస్పెన్షన్), 27.5 అంగుళాల చక్రాలు, 2.1 అంగుళాల టైర్లు, లోపల ట్యూబులు. ముందు 42-32-22 పళ్ళ చక్రాలు, వెనక 8 స్పీడ్, 11 నుంచి 32 పళ్ళు. కేబుల్ డిస్క్ బ్రేకులు. బరువు 78 కిలోలు. ఏం మార్చాలె, ఏం మోసుకపోవాలె?

మొరంబాట
మన దగ్గర ఘాట్ రోడ్డు లెక్క గంటల తరబడి ఎక్కుడు ఉండదు. నూరు మీటర్లు నిటారుగా ఎక్కుడు, దిగుడు, మళ్ళీ ఎక్కుడు, రోజంతా ఇదే. అసలు అలపించేది నేల. మూడు రకాలు తగుల్తయి, మూడింటికీ ఒకే గాలి పనిచెయ్యదు.

హన్మకొండ, ధర్మసాగర్, ఇనుపరాతి గుట్టల వైపు గ్రానైట్ నేల. అక్కడ గట్టి అడుగు మీద వదులు మొరం ఉంటది, గోలీలు పోసిన గచ్చు మీద తొక్కినట్టే. పాండవుల గుట్టలు ఇసుకరాయి. ఆ రాయి అరిగి బండ్లబాట గాడుల్లో ఇసుక నిండుతది, ముందు చక్రం కూరుకపోతది. నడుమ పత్తిచేన్లల్ల రేగడి. ఎండితే ట్రాక్టర్ గాడులు సిమెంటు పోసినట్టు బిగుసుకుంటయి.

78 కిలోలకు ట్యూబులతో ముందు 30, వెనక 34 పీఎస్‌ఐతో మొదలుపెట్టండి. ఇసుక ఎక్కువసేపు ఉంటే రెండింట్లో 4 తగ్గించండి, రాళ్ళు మొదలయ్యే ముందు మళ్ళీ కొట్టండి. బద్ధకించి అదే గాలితో రాళ్ళల్లకు పోతే టైరు రిమ్ముకు నొక్కుకొని ట్యూబు తెగుతది. ఫ్రేములో టైరుకు అటూ ఇటూ కనీసం 6 మిల్లీమీటర్లు ఖాళీ మిగిలేటట్టయితే 2.25 వేయించండి. ఇంతకంటే పెద్ద మార్పు మీ సైకిల్‌కు అక్కర్లేదు.

పాత స్పోకు
గేర్ల సంగతి: 22 ముందు, 32 వెనక పెడితే పెడల్ ఒక్క చుట్టుకు దాదాపు మీటరున్నర కదుల్తది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 5.3 కిలోమీటర్లు. నడక వేగమే, కానీ సరిపోతది. కొత్త క్యాసెట్‌కు (వెనక పళ్ళచక్రాల గుత్తికి) డబ్బులు పెట్టకండి.

చిన్న చైన్‌రింగ్‌కు (ముందు పళ్ళచక్రానికి) ఎక్కుడు మొదలయ్యే ముందే దించాలె. సగం ఎక్కినంక, కాళ్ళతో బలంగా నొక్కుతూ ముందు గేరు మార్చితే చైన్ ఫ్రేముకూ రింగుకూ నడుమ పడి ఇరుక్కుంటది. లేకుంటే ఒక పిన్ను వంగుతది. అది అప్పుడే తెగదు, పది కిలోమీటర్ల అవతల తెగుతది.

మొరం మీద లేచి నిలబడి తొక్కితే వెనక చక్రం ఊరికే తిరుగుతది. సీటు ముందు కొసకు జరిగి, మోచేతులు వంచి, ఛాతీ హ్యాండిల్ మీదికి దించండి. అప్పుడు ముందు చక్రం లేవదు, వెనక పట్టూ పోదు. మధ్యలో ఆగిపోతే నిటారు మీద మళ్ళీ ఎక్కి కూర్చునుడు కష్టం. నెట్టుకుంటూ పోండి, సిగ్గేం లేదు.

గాలి పంపు
కేబుల్ డిస్కులన్నరు కాబట్టి బయలుదేరే ముందు రోజు ప్యాడ్లు చూడండి. ప్యాడు మీద రాసుకునే మసాలా పొర 1 మిల్లీమీటరుకు వచ్చిందంటే మార్చాల్సిందే. చాలా కేబుల్ బ్రేకుల్లో బయటి ప్యాడే కదులుతది, లోపలిది కదలదు. అది అరిగేకొద్దీ లోపలి నాబ్ తిప్పి డిస్కు దగ్గరికి తేవాలె. ఆ పని చెయ్యక ఊరికే కేబుల్ బిగిస్తే డిస్కు ఒక పక్కకు వంగుకుంట రాసుకుంటది. దిగుడులో లివరు హ్యాండిల్‌కు తగుల్తుందంటే కారణం ఎక్కువసార్లు ఇదే.

చైన్‌కు నూనె పెట్టేటప్పుడు డిస్కుకు గుడ్డ కప్పండి. ఒక్క చుక్క పడ్డా ప్యాడు కీచుమంటది, పట్టదు. డిసెంబర్ దుమ్ముకు డ్రై లూబ్ వాడాలె, ఒక్కో రోలర్‌కు ఒక్క చుక్క. పది నిమిషాలాగి పైన ఉన్నదంతా తుడిచెయ్యాలె. ఇంజన్ ఆయిల్ పూస్తే మొరం దుమ్ము దానికి అంటుకొని గరుకు కాయితం లెక్క పళ్ళను అరగదీస్తది.

రేగొండ లూప్
మొన్న ఒక ట్రయల్‌లో తెగిన ట్యూబు ఫొటో పెట్టిన. రెండు సన్న చీలికలు, పక్కపక్కనే, నడుమ వేలు వెడల్పు దూరం. ముల్లా, ఇంకేదన్నానా?

మొరంబాట
ముల్లు కాదు. రాయికి తగిలి రిమ్ము రెండంచులు ట్యూబును నొక్కినయి. గాలి తక్కువైంది, అంతే. ముల్లయితే టైరు వైపున ఒక్కటే చుక్కంత బొక్క ఉంటది.

తుమ్మముల్లు
ముళ్ళ సంగతి నేను చెప్త. పల్లేరు కాయలు బాట అంచున, తుమ్మ, రేగు ముళ్ళు కంచె కొట్టి పడేసినకాడ. డిసెంబర్‌లో వీటికి తోడు పత్తికట్టె. కోసిన మోడు ఏటవాలుగా తేలి టైరు పక్కగోడను చీలుస్తది, దానికి ప్యాచ్ సరిపోదు.

పంచరైతే ముల్లు తొందరగా దొరకాలంటే, టైరు మీది కంపెనీ పేరు సరిగ్గా వాల్వు పక్కనే వచ్చేటట్టు టైరును ముందే ఎక్కించి ఉంచండి. ట్యూబులో బొక్క దొరకంగనే, వాల్వు నుంచి ఎంత దూరమో కొలిచి టైరులో అదే చోట వెతుకొచ్చు. తుమ్మముల్లు కొస విరిగి రబ్బర్‌లోనే ఉండిపోతది, పైనుంచి కనిపించదు. టైరు లోపల వేలు పెట్టకండి, గుడ్డ తిప్పండి, పోగు తట్టుకున్న చోటే ముల్లు. తియ్యకుండ కొత్త ట్యూబు వేస్తే అదీ పోతది.

చీలిన పక్కగోడకు పాలపాకెట్ ప్లాస్టిక్ రెండు మూడు మడతలు లోపల పెట్టి, ఆ చక్రంలో గాలి 5 పీఎస్‌ఐ తగ్గించండి. ఇంటికి చేరేదాకా నిలుస్తది.

మోసుకపోవాల్సినవి: రెండు ట్యూబులు, సీలు తియ్యని సొల్యూషన్ (ఒకసారి తెరిస్తే ఎండలో గడ్డకడ్తది), ప్యాచులు, గరుకు కాయితం, టైరు లివర్లు, పంపు. సన్న వాల్వు అంటే ప్రెస్టా అయితే ఇత్తడి అడాప్టర్ తప్పనిసరి. పల్లె పంచర్ షాపు గాలి మిషన్ ముక్కు దానికి పట్టదు.

బోడ గుట్ట
ఈ బాధలన్నీ ట్యూబ్‌లెస్‌తో తప్పుతయి. 27.5కు చక్రానికి 80 నుంచి 100 ఎంఎల్ సీలెంట్ (బొక్కలు మూసే ద్రవం) పోస్తే, పల్లేరు కాయ గుచ్చినా తిరుగుతూనే మూసుకుంటది.

తుమ్మముల్లు
నిజమే, పల్లేరుకు. పత్తికట్టె చీల్చిన పక్కగోడను మాత్రం సీలెంట్ మూయదు. మన ఎండకు సీలెంట్ తొందరగా ఎండుతది, ఎండకాలంల నెలన్నరకోసారి చూసుకోవాలె. అయినా ట్యూబ్‌లెస్‌కు పనికిరాని రిమ్ములకు టేపు చుట్టి ఈ ప్రయోగం 60 కిలోమీటర్ల రోజున చెయ్యకండి.

పాత స్పోకు
చైన్ టూలు, 8 స్పీడ్‌కే పనికొచ్చే రెండు మిస్సింగ్ లింకులు (తెగిన చైన్ కలిపే లింకులు) కూడా మోసుకపోండి. 10 స్పీడ్ లింకు దీనికి పడదు. ఇంకో ముఖ్యమైంది వెనక డిరైలర్ హ్యాంగర్, అంటే గేరు మార్చే డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న ముక్క. ప్రతి ఫ్రేముదీ వేరే, వరంగల్ షాపులో అడిగితే దొరక్కపోవచ్చు, ముందే తెప్పించి బ్యాగుల ఉంచండి.

హ్యాంగర్ వంగితే చైన్ పెద్ద పళ్ళచక్రం దాటి స్పోకుల్లో పడ్తది. బండ మీద పడ్డాక ఒక్క గేరు కూడా మార్చకుండ దిగి వెనకనుంచి చూడండి. డిరైలర్ బోను చక్రానికి సమంగ నిలువుగా ఉందా? లోపలికి వాలితే పెద్ద పళ్ళచక్రం జోలికి పోకుండ నడుపుకుంట పోండి. డిరైలరే విరిగితే చైన్ విప్పి, ముందు 32, వెనక నడుమ పళ్ళచక్రం మీద తిన్నగా పెట్టి, మిగిలిన లింకులు తీసి, మిస్సింగ్ లింకుతో కలపండి. ఒక్క గేరే, కానీ ఊరు చేరొచ్చు.

చెరువు కట్ట
నీళ్ళు: డిసెంబర్‌ల కూడా 3 లీటర్లు. ఒక లీటరులో ఓఆర్‌ఎస్ పాకెట్ మొత్తం కలపండి, సగం పాకెట్ సగం లీటరు అంటూ అందాజ కొట్టకండి. తినడానికి అరటిపండ్లు, పల్లిపట్టీ, పొద్దున చేసిన సర్వప్ప. ఉప్పూ కారం ఉన్నది తింటే మధ్యాహ్నంకు నోటికి తీపి విసుగు రాదు.

కొన్ని ఊళ్ళల్ల తారురోడ్డు సగం దాకా వడ్లు, మక్కలు ఆరబోసి ఉంటయి. మీదికెళ్ళి పోకండి, దిగి పక్కనుంచి నడవండి. టైరు జారుడు ఒక సంగతి, రైతు తిట్టుడు ఇంకో సంగతి.

అడవి లోపలి బాటలకు ముందు అటవీ శాఖ చెక్‌పోస్టుల అడగండి. గుట్టలల్ల ఎలుగుబంట్లు తిరుగుతయి, తెల్లారకముందు, పొద్దుగూకినంక ఆ బాటలు వద్దు. పొద్దుగూకినంక అడ్డదారి అని చేన్లల్లకూ దిగొద్దు. అడవిపందులకని కొందరు కరెంటు తీగలు వేస్తరు. అవి టార్చికి కూడా కనిపించవు.

రేగొండ లూప్
అందరికీ థాంక్స్. ముందు రోజు అకాల వాన పడితే? ఇసుక, మొరం ఓకే అనుకుంటున్న, రేగడి?

మొరంబాట
తడిసిన ఇసుక గట్టిపడ్తది, అది మీకు లాభమే. మొరం మీద నీళ్ళు ఒక్క పూటలో ఇంకుతయి. తడి రేగడి మీద మాత్రం ఒక్క చక్రం చుట్టు కూడా తొక్కకండి. ఇరవై అడుగుల్లో టైరుకూ ఫ్రేముకూ నడుమ నిండి చక్రం నిలబడిపోతది. అప్పుడు బలంగా తొక్కితే మట్టి ముద్ద డిరైలర్‌ను లాగి హ్యాంగర్ విరుస్తది. సైకిల్ భుజాన వేసుకొని చేనుగట్టు గడ్డి మీద నడవండి. ఒక వేపపుల్ల తీసుకోండి, బ్రేకు కాడ ఇరికిన మట్టిని గీకెయ్యడానికి. మడ్‌గార్డులు ఉంటే ముందు రోజే ఇంట్లో విప్పి పెట్టండి.