మైనస్ 12 ఊగుతోంది: తప్పు కెపాసిటర్‌దా, కాయిల్‌దా, తీగలదా?

బుక్కరాయసముద్రం_బక్:
అన్నలారా, మా ఊరి పద్యనాటకం బృందానికి చిన్న మిక్సర్ చేస్తా ఉండా. రాగం మధ్యలో కరెంటు పోయి హార్మోనియం మైకు మూగబోతోందని 12 వోల్టుల బ్యాటరీ మీద పెట్టినా. ఆప్-ఆంప్‌లకు (మైకు సిగ్నల్‌ను పెంచే చిప్‌లకు) ప్లస్ 12తో పాటు మైనస్ 12 కావాల. ఎల్ఎం2596 బక్ మాడ్యూల్‌నే (వోల్టేజీ తగ్గించే బోర్డు) తిప్పి కట్టినా: దాని అవుట్ ప్లస్‌ను బ్యాటరీ నెగటివ్‌కు కలిపి, మాడ్యూల్ నెగటివ్ నుంచి మైనస్ 12 తీసినా. లోడ్ 300 మిల్లీఆంపియర్లు. మీటర్లో 10.8కీ 12.6కీ మధ్య ఊగుతోంది, కాయిల్ కీచుమంటోంది. రిపుల్ (వోల్టేజీ మీద మిగిలే చిన్న అల) తగ్గుతాదని అవుట్‌పుట్ ఎలక్ట్రోలిటిక్ పీకి 22 మైక్రోఫారడ్ సిరామిక్‌లు రెండు వేస్తే ఇంకా ఎక్కువైంది. చిప్ మార్చాల్నా?

కర్నూలు_కంట్రోల్:
ఆ పద్ధతే తప్పు. బక్‌లో డ్యూటీ (చిప్ స్విచ్ ఆన్‌లో ఉండే వంతు) పెంచితే అవుట్‌పుట్ వెంటనే పెరుగుతుంది. నువ్వు కట్టినట్టు ప్లస్ నుంచి మైనస్ తీసే ఇన్వర్టింగ్‌లో అలా కాదు. డ్యూటీ పెరిగిన క్షణాన కాయిల్ ఇన్‌పుట్ దగ్గరే ఎక్కువసేపు ఉండిపోతుంది, అవుట్‌పుట్‌కు అందేది తగ్గుతుంది. ముందు పడి తర్వాత లేస్తుంది. రైట్ హాఫ్ ప్లేన్ జీరో అంటే ఇదే. బక్ కోసం చిప్ లోపల కుదిర్చిన కంపెన్సేషన్ (అవుట్‌పుట్ ఊగకుండా చేసే సర్దుబాటు) దీన్ని మోయలేదు. కంపెన్సేషన్ పిన్ బయటికున్న చిప్ తీసుకో.

సప్తగిరి_సోల్డర్:
సామీ, చెప్పింది నిజమే, ఈ బోర్డుకు లెక్క వేసినావా? మాడ్యూల్ మీద 330 అని ఉంటే కాయిల్ 33 మైక్రోహెన్రీలు. 12 నుంచి మైనస్ 12కు డయోడ్ డ్రాప్ కలిపితే డ్యూటీ 0.51. లోడ్ 40 ఓమ్‌లు. లోడ్ × (1 − డ్యూటీ)² ÷ (6.28 × డ్యూటీ × ఇండక్టెన్స్) వేస్తే ఆ జీరో దాదాపు 90 కిలోహెర్ట్జ్ దగ్గర వస్తాది. చిప్ కొట్టేదే 150లో. అంత దూరంలో ఉన్న జీరో ఈ పిల్లోని బోర్డును ఏం చేస్తాది?

అసలు దొంగ సిరామిక్. ఈ చిప్ లూప్ (అవుట్‌పుట్ చూసి డ్యూటీ సరిచేసుకునే చక్రం) అవుట్‌పుట్ కెపాసిటర్‌లో కొంచెం ఈఎస్ఆర్, అంటే లోపలి రెసిస్టెన్స్, ఉంటాదని నమ్ముకుని చేసింది. 220 మైక్రోఫారడ్, 0.1 ఓమ్ అయితే 7 కిలోహెర్ట్జ్ దగ్గర ఇంకో రకం, మేలు చేసే జీరో వచ్చి ఫేజ్‌ను ఆదుకుంటాది. సిరామిక్‌కు అది మెగాహెర్ట్జ్ దాటి పోతాది, ఉన్నా లేనట్టే. పైగా 12 వోల్టులు పడితే సిరామిక్ విలువ కూడా తగ్గిపోతాది.

కర్నూలు_కంట్రోల్:
300 మిల్లీఆంపియర్లకు సరే, ఒప్పుకుంటా. రేపు ఇంకో నాలుగు మైకులు తగిలించి 1 ఆంపియరుకు తీసుకుపోతే నేను చెప్పిన ఆ జీరో 27కు దిగుతుంది. రిపుల్ కోసం ఎవరో 100 మైక్రోహెన్రీ కాయిల్ వేయమంటారు, అప్పుడు 9. అప్పుడు నన్ను గుర్తు చేసుకో.

ప్రొద్దుటూరు_పాతరేడియో:
ఇద్దరూ అవుట్‌పుట్ దగ్గరే కొట్లాడుకుంటా ఉండారు. బ్యాటరీ నుంచి తీగ ఎంత పొడుగు నాయనా? ఇన్‌పుట్ తగ్గితే కన్వర్టర్ ఇంకా ఎక్కువ కరెంటు లాగుతాది, తీగ మీద ఇంకా పడుతాది, అట్లా ఊగుడు మొదలవుతాది. మాడ్యూల్ ఇన్‌పుట్ కెపాసిటర్ ఇప్పుడు ప్లస్ 12కీ మైనస్ 12కీ మధ్య ఉంది, దాని మీద 24 వోల్టులు. బ్యాటరీ ప్లస్ నుంచి అసలు గ్రౌండ్‌కు ఏమీ లేదు. అక్కడ 470 మైక్రోఫారడ్ ఒకటి పెట్టు.

స్కోప్ (వోల్టేజీ అలను తెర మీద చూపే ఆసిలోస్కోప్) పెట్టేటప్పుడు జాగ్రత్త. మాడ్యూల్ మీద ఇన్ మైనస్ అని ఉన్నది ఇప్పుడు గ్రౌండ్ కాదు, మైనస్ 12. ఒక ప్రోబ్ క్లిప్ బ్యాటరీ నెగటివ్‌కు, ఇంకోటి అక్కడ తగిలిస్తే అవుట్‌పుట్ షార్ట్. నేనొక క్లిప్ కాల్చుకున్నా, అందుకే చెప్తా ఉండా.

బుక్కరాయసముద్రం_బక్:
కాయిల్ మీద 330 అనే ఉంది. తీగ 3 మీటర్లు, ఇంట్లో మిగిలిన ఫ్యాను వైరు. ఒక్కోటే మార్చి చూసినా. ముందు 220 ఎలక్ట్రోలిటిక్ మళ్లీ వేస్తే కీచు పోయింది, 11.6కీ 12.1కీ మధ్యకు వచ్చింది. ఇన్‌పుట్ దగ్గర 470 పెట్టి తీగ అర మీటరుకు కోసినాక ఇంకా తగ్గింది. కానీ బోర్డు మీద వేలితో తడితే ఇప్పటికీ టక్కున ఎగురుతోంది.

సప్తగిరి_సోల్డర్:
అది లూప్ కాదబ్బా, ట్రిమ్ పాట్, వోల్టేజీ సరిచేసే చిన్న స్క్రూ రెసిస్టర్. లోపల వైపర్ సరిగా ఆనుకోక ఉంటాది. పాట్‌ను, దాని జతగా ఉన్న చిన్న రెసిస్టర్‌ను రెండింటినీ పీకేసి, ఫీడ్‌బ్యాక్ (చిప్ అవుట్‌పుట్‌ను చూసుకునే కాలు) నుంచి మాడ్యూల్ నెగటివ్‌కు 1 కిలోఓమ్, మాడ్యూల్ అవుట్ ప్లస్ నుంచి ఫీడ్‌బ్యాక్‌కు 8.2 కిలోఓమ్, 560 ఓమ్ సిరీస్‌లో వెయ్. ఫీడ్‌బ్యాక్ 1.23 వోల్టులది, లెక్క 12కు సరిపోతాది.

కర్నూలు_కంట్రోల్:
చూశారా, మూడు తప్పులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. చిప్ మార్చమన్నది తొందరే. కానీ లోడ్‌ను ఒక్కసారిగా 100 నుంచి 300కు మార్చి స్కోప్‌లో చూడకుండా స్టేజి ఎక్కించకు. మీటర్ సగటు చూపిస్తుంది, వేగంగా ఊగేది చూపదు.

బుక్కరాయసముద్రం_బక్:
వేసినా. తట్టినా కదలడం లేదు, 11.97. లోడ్ స్టెప్‌లో ఒక్కసారి పడి లేచి నిలబడింది. అయితే స్విచ్ వేయంగానే స్పీకర్లో ధబ్ అంటోంది.

ప్రొద్దుటూరు_పాతరేడియో:
స్విచ్ వేసిన క్షణాన ఇన్‌పుట్ కెపాసిటర్ గుండా వచ్చే కరెంటు మైనస్ రైలును కాసేపు ప్లస్ వైపు తోస్తాది. మైనస్ 12కు ఆనోడ్, గ్రౌండ్‌కు కాథోడ్ వచ్చేటట్టు ఒక షాట్కీ డయోడ్ పెట్టు, ఆప్-ఆంప్‌లు బతుకుతాయి. ధబ్ అప్పటికీ పోకపోతే, స్పీకర్‌ను ఆలస్యంగా కలిపే రిలే పెట్టుకో.