డెమో క్లాస్‌కి 15 నిమిషాలే ఇచ్చారు, భిన్నాల భాగహారం ఎంతవరకు చెప్పాలి?

ప్రశ్న:
బీఎస్సీ, బీఎడ్ అయ్యాయి, టెట్ పాసయ్యాను. వచ్చే శనివారం ఒక సీబీఎస్ఈ స్కూల్లో లెక్కల టీచర్ పోస్టుకి ఇంటర్వ్యూ ఉందండి. ముందు ఏడో తరగతి డెమో, తర్వాత ప్రిన్సిపాల్ గారు మాట్లాడతారట. పాఠం ఎక్కడ మొదలుపెట్టాలి? ఫైల్లో ఏమేం పెట్టుకోవాలి?

జవాబు 1:
చాప్టరంతా చెప్పాలని చూడకండి మేడం. పూర్ణసంఖ్యను భిన్నంతో భాగించడం, అంతవరకే. చాలామంది వెళ్లగానే "రెండోదాన్ని తిరగేసి గుణించండి" అని బోర్డు మీద రాసేస్తారు. వెనక కూర్చున్న సీనియర్లు చూసేది మాత్రం ఎందుకు తిరగేస్తామో చెప్పారా లేదా అనే.

2 ÷ 1/4 రాయండి. "రెండు రొట్టెలున్నాయి, మనిషికి పావు చొప్పున ఎంతమందికి వస్తాయి?" అని అడిగి, రెండు వృత్తాలు గీసి ఒక్కోదాన్ని నాలుగు భాగాలు చేయించండి. మొత్తం ఎనిమిది పావులు, అంటే 2 × 4. తర్వాత 2 ÷ 2/3 ఇవ్వండి. పిల్లలు ఇరుక్కునేది ఇక్కడే. రెండు రొట్టెల్లో మూడో వంతులు ఆరు, మనిషికి రెండు ముక్కలు కాబట్టి ముగ్గురికి. 3తో గుణించి 2తో ఎందుకు భాగించామో బొమ్మలో కనబడ్డాకే సూత్రం రాయండి. "భాగిస్తే జవాబు పెరిగిందేంటి టీచర్?" అని ఎవరో ఒకరు అడుగుతారు, సిద్ధంగా ఉండండి. చివరి నాలుగు నిమిషాలు నోట్‌బుక్‌లో రెండు లెక్కలు చేయించి, బెంచీల మధ్య తిరిగి చూడండి.

జవాబు 2:
"అర్థమైందా?" అని అడగొద్దు, క్లాసంతా అర్థమైందనే అంటుంది. ముందు ప్రశ్న వేసి, మూడు సెకన్లు ఆగి, అప్పుడు పేరు పిలవండి. పేరు ముందే పిలిస్తే మిగతావాళ్లు ఆలోచించడం మానేస్తారు. బోర్డు వైపు తిరిగి మాట్లాడొద్దు. బొమ్మలు ఎడమవైపు గీసి చివరిదాకా ఉంచండి, చెరిపితే సూత్రానికి ఆధారం పోతుంది.

జవాబు 3:
ఒరిజినల్స్, రెండు సెట్ల జిరాక్సులు, టెట్ మెమో, ఫొటోలు, ఒక పేజీ లెసన్ ప్లాన్. ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోండి, స్కూల్లో వదిలి రావద్దు.

హోంవర్క్ చేయని పిల్లాణ్ని ఏం చేస్తారని తప్పకుండా అడుగుతారు. "స్ట్రిక్ట్‌గా ఉంటాను" అంటే సరిపోదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఏ మెట్టు దగ్గర ఆగిపోయాడో చూసి, మొదటి లెక్క క్లాసులోనే చేయించి పంపుతానని చెప్పండి. జీతం మాట వచ్చినప్పుడు పీఎఫ్ పోను చేతికెంత, వేసవి సెలవులకి ఇస్తారా, వారానికి ఎన్ని పీరియడ్లు, ఈ మూడూ అడగండి.

ప్రశ్న అడిగినవారు:
థ్యాంక్సండి. పిల్లలుండరట, టీచర్లే పిల్లల్లా కూర్చుంటారట. అప్పుడు?

జవాబు 1:
అయితే కావాలనే తప్పు జవాబులు చెప్తారు. 2 ÷ 1/4కి 1/2 అంటారు, అంటే భాగించకుండా గుణించేశారన్నమాట. "తప్పు, కూర్చో" అనకుండా, "రెండు రొట్టెలున్నా అర మనిషికేనా?" అని బొమ్మ దగ్గరికి పిలిచి లెక్కపెట్టించండి. ఆయన చేతే ఎనిమిది అనిపించాలి.