అప్‌డేట్: పిక్కలు పట్టేయడానికి కారణం మెగ్నీషియమే

రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తున్నాయి, కనురెప్ప అదురుతోంది, పొటాషియం సిరప్ తాగుతున్నా పొటాషియం పెరగట్లేదు, మెగ్నీషియం తగ్గి ఉంటుందా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. అదే తేలింది. రక్తంలో డెసిలీటరుకి సుమారు 1.7 మిల్లీగ్రాములైనా ఉండాల్సింది నాకు 1.2 వచ్చింది.

"గ్యాస్ మాత్ర ఏమైనా వాడుతున్నారా?" అని అడిగినవారికి చేతులెత్తి దండం. ఏళ్లుగా పరగడుపున ఒమెప్రజోల్ వేసుకుంటున్నాను. ఈ రకం మందులు ఎక్కువ కాలం వాడితే కొందరిలో మెగ్నీషియం పడిపోతుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2011లోనే హెచ్చరించింది. మెగ్నీషియం తగ్గితే కిడ్నీలు పొటాషియాన్ని మూత్రంలో వదిలేస్తాయి, అందుకే సిరప్ ఎంత తాగినా నిలవలేదు. ఇన్నాళ్లూ ఈ సంగతి ఒక్కరూ చెప్పలేదని చాలా బాధేసింది.

డాక్టర్ ఒమెప్రజోల్ ఆపి, ఫామోటిడిన్ అనే వేరే రకం గ్యాస్ మాత్ర ఇచ్చారు. ఈసీజీ తీసి, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూశాకే మెగ్నీషియం రాశారు. కిడ్నీలు సరిగా లేకపోతే అది ఒంట్లో పేరుకుపోతుంది, దయచేసి సొంతంగా మొదలుపెట్టకండి. మెగ్నీషియం ఆక్సైడ్ మాత్రతో విరేచనాలయ్యాయి, మెగ్నీషియం గ్లైసినేట్ అనే రకం మాత్రం ఒంటికి పడింది.

పిక్కలు పట్టడం దాదాపు ఆగింది, పొటాషియం నార్మల్‌కొచ్చింది. నిద్ర మాత్రం ఇంకా సరిగా పట్టట్లేదు. దానికి థైరాయిడ్ టెస్ట్ రాశారు.